సూదికి చూపించిన సెగ

నా చిన్నప్పుడు జరిగిన సంగతొకటి చెప్పబోతే మా ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరూ చెవిన పెట్టలేదు. "మళ్లీ పాత గోలేనా" అని లేచిపోతారు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఒక మధ్యాహ్నం మా తమ్ముడు పళ్లెం జారవిడిచాడు. పెద్దవాణ్ణని దెబ్బలు నాకు పడ్డాయి. ఇక తమ్ముడితో మాట మానేశాను. వాడు "అన్నా, ఓ అన్నా" అంటూ వెనకాలే తిరిగినా పలికేవాణ్ణి కాదు.

పక్క క్వార్టర్లో ఉండే ఇంగ్లీషు టీచరమ్మ మా అమ్మతో "మీవాడు బాగా అడమెంట్" అనడం నా చెవిన పడింది. రోషంగా వాళ్లింటికెళ్లి "నన్నేటని తిట్టారు?" అని నిలదీశాను.

"తిట్టు కాదురా. పట్టిన పట్టు వదలనివాణ్ణి అలా అంటారు" అని నవ్వింది. అది పూర్వం గ్రీకుల మాటట. లొంగదీయలేనిదని అర్థమట. అన్నిటికన్నా గట్టి లోహాన్నీ, తర్వాత వజ్రాన్నీ ఆ పేరుతోనే పిలిచారట. నా ఛాతీ ఉబ్బిపోయింది.

అప్పుడావిడ ఒక కుట్టుసూదిని పట్టకారుతో పట్టి, స్టవ్ మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచింది. "ఇప్పుడిది నీ అంత గట్టిది. వంచు చూద్దాం." గుడ్డ చుట్టి వంచబోతే పుటుక్కున విరిగింది. ఇంకో సూదిని అలాగే కాల్చి ముంచి, మళ్లీ మంటకు కాస్త ఎడంగా పట్టుకుని సెగ చూపించింది. అది వంగింది, వదలగానే తిన్నగా అయింది. "గట్టిపడ్డాక మళ్లీ సెగ తగలాలిరా. మీ నాన్ననడుగు."

ఇంటికొచ్చేసరికి తమ్ముడు అన్నం ముందు కూర్చునున్నాడు. నేను లేకుండా తిననన్నాడట. "తినరా" అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది.

ఆ తమ్ముడే నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాల్సింది, ఫోనులో చెప్పి ఊరుకున్నాడు. నేను వెళ్లలేదు. తర్వాత వాడెన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. మొన్న మనవరాలు ఆనాటి ఫోటో చూపించింది. పీటల మీద వాడూ మరదలూ, పక్కనే నాకూ మా ఆవిడకూ వేసిన కుర్చీలు, ఖాళీగా. అన్నం ముందు కూర్చున్న ఆ పసివాడే కళ్లముందు మెదిలాడు. టీచరమ్మ చూపించిన సెగ నాకు ఇన్నాళ్లకు తగిలింది.

ఇప్పుడు రోజూ నేనే ఫోను చేస్తున్నాను. వాడెత్తడం లేదు. నీ గృహప్రవేశానికి రాకపోవడం నా తప్పే, కాదనను. ఫోనులో పిలవడం నీ తప్పు, అదీ మర్చిపోను. రెండూ ఎదురుగా కూర్చుని తేల్చుకుందాం. ముందు ఫోనెత్తరా తమ్ముడూ.