కాకి విన్న మాట

భయమేస్తే మా పెద్దమ్మ పక్కవాళ్ల మణికట్టు పట్టుకునేది. బస్సు మలుపు తిరిగినా, ఆస్పత్రిలో తన పేరు పిలిచినా అంతే. ఆ సాయంత్రం మార్కాపురం కల్యాణమండపంలో నా మణికట్టు పట్టుకుంది. వారంలో తన పెళ్లి పెట్టుకుని, చనిపోయిన మా పెదనాన్న గురించి ఆమె కొడుకు స్టేజీ మీద స్టాండప్ కామెడీ చేస్తున్నాడు.

“మా నాయన పెద్దకర్మ నాడు పిండం పెడితే కాకి రాలా. ఏం కోరిక మిగిలిందో అని తలా ఒక మాట ఇచ్చినాం. మా మామ గట్టు తగాదా మానేస్తానన్నాడు. రాలా. నేను సిగరెట్లు మానేస్తానన్నా. నా సంగతి నాయనకు తెలుసు గదా, రాలా!”

జనం పడీపడీ నవ్వారు. నా చేతి మీద పట్టు బిగిసింది.

“ఆఖరికి మా అమ్మ పోయి ఏందో గొణిగింది. టక్కున వాలింది కాకి! అమ్మా, ఏం చెప్పినావే ఆ పొద్దు?”

వాడు దిగి వచ్చి మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు.

“బెంగపడబాకయ్యా, పిల్లోడి పెండ్లి చేసి నేనూ వచ్చేస్తానని చెప్పినా, నాయనా.”

అదీ జోకే అనుకుని హాలంతా నవ్వింది. వాడొక్కడే నవ్వలేదు.

పెద్దమ్మ నిమ్మళంగా నా చెయ్యి వదిలేసింది. నేనే గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాను.