మా గల్లీ ఫొటో చీర

మా చిన్నప్పుడు వరంగల్ కాశిబుగ్గలో మా గల్లీ ఆడవాళ్లంతా ఒకే చీర కట్టుకుని ఫొటో దిగేవాళ్లు... నవ్వకండి, నిజం.

వంకాయ రంగు పట్టుచీర. అరచేతి వెడల్పు జరీ అంచు. అది లచ్చమ్మ పెద్దమ్మ పెళ్లిచీర. పెద్దమ్మ అంటే మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. ఇంట్లోనే మగ్గం మీద జంపఖానాలు నేసేది. గల్లీ మొత్తానికీ పట్టుచీర అంటే అదొక్కటే.

పెళ్లివారికి పంపే ఫొటో అయినా, పుట్టిన బిడ్డతో దిగే ఫొటో అయినా ముందు పెద్దమ్మ సందూక తెరవాల్సిందే. కలరా ఉండల వాసనతో చీర బయటికి వచ్చేది. ఫొటో దిగేవాళ్లకు ఆమే కట్టేది, ఆమే కుచ్చిళ్లు సర్దేది, అంచు మట్టికి తగలకుండా చూసుకుంటూ చౌరస్తా స్టూడియో దాకా ఆమే వెంట నడిచేది. ఫొటోగ్రాఫర్ "గదువ జర పైకి లేపమ్మా" అనేసరికి, వెంటపడి వచ్చిన మా పిల్లల మూకను పట్టుకుని పక్కకు తప్పుకునేది.

ఇప్పటికీ ఆ ఆల్బమ్‌లు తిరగేస్తే... మా అమ్మ, మూలింటి అక్క, ఎదురింటి కొత్త కోడలు... ముఖాలు వేరు, చీర ఒక్కటే. ఆ చీరలో ఫొటో లేనిది పెద్దమ్మకే. ఆమె పెళ్లికి ఫొటోలు తీయించే స్తోమత లేదట. తర్వాతైనా దిగొచ్చు కదా అంటే, "నాదేమున్నది బిడ్డా, ఎప్పుడన్న దిగుత తీ" అనేది.

నేను పెద్దయి కెమెరా పట్టాక ఆమెకు మాట ఇచ్చాను. "గా చీరెల నీ ఫొటో నేను తీస్త పెద్దమ్మా, పెద్దగ చేయించి గోడకు పెడుదాం" అని. పాపం, ఆమె నమ్మింది.

ఫొటోగ్రఫీతో బతకడం ఎలా ఉంటుందంటే... ఒకవైపు నాకు ఇష్టమైన పని. కాశిబుగ్గ మగ్గాల మీద ఒక సిరీస్ చేయాలని ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఇంకోవైపు ఆదివారాల్లో ఖిలా వరంగల్‌లో కొత్తవాళ్లకు వర్క్‌షాపులు. ఇల్లు గడిచేది వాటితోనే. కోటలో నిలబడి వెలుగును ఎలా చూడాలో చెప్తుంటే నాకూ బాగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు. కానీ ఆదివారం వచ్చిందంటే పెద్దమ్మ ఫోన్...

"ఇయ్యాల వస్తానవా బిడ్డా?"

"ఇయ్యాల క్లాసున్నది పెద్దమ్మా... వచ్చే వారం పక్కా."

ఇలా ఎన్నిసార్లు దాటేశానో నాకే లెక్క లేదు.

పోయిన నెల నాకో గొప్ప ఆలోచన వచ్చింది. వర్క్‌షాప్‌నే పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్తే? నేర్చుకునేవాళ్లకు పాఠం, నాకు సిరీస్, పెద్దమ్మకు ఫొటో... అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి అనుకున్నాను.

మేము వెళ్లేసరికి పెద్దమ్మ తయారై వాకిట్లో కూర్చుంది. వంకాయ రంగు చీర, నున్నగా దువ్విన తల, నుదుట పెద్ద బొట్టు. నన్ను చూసి చిన్నపిల్లలా నవ్వింది.

మగ్గం దగ్గర కూర్చోబెట్టాం. నా స్టూడెంట్ ఒకమ్మాయి మెల్లగా అంది, "మేడమ్, పట్టుచీరలో నేస్తున్నట్టు తీస్తే నాచురల్‌గా ఉండదేమో..."

నాకూ అలాగే అనిపించింది. టీచర్‌ని కదా, నేనే చెప్పాను... "పెద్దమ్మా, రోజు కట్టుకునే చీరె కట్టుకొని రావా? ఫొటో మంచిగొస్తది."

ఆమె చీర వంక చూసుకుంది. "గిది మంచిగలేదా బిడ్డా?"

"మంచిగున్నది పెద్దమ్మా. దీంట్ల తర్వాత తీస్త."

లోపలికి పోయి, రంగు వెలిసిన పాత నేతచీర కట్టుకుని వచ్చింది. అందరం చుట్టూ మూగి తీశాం. అంతలో పొద్దు వాలింది. స్టూడెంట్లకు బస్సుల టైమ్ అయింది. వాళ్లతోపాటే నేనూ బయలుదేరాను. తర్వాత తీస్తానన్న ఫొటో తీయనే లేదు.

ఆ ఫొటోలకు లైకులు బాగా వచ్చాయి. "ఎంత సహజంగా ఉందో" అని రాశారు. గల్లీ అందరికీ తన చీర కట్టి ఫొటోకు నిలబెట్టిన మనిషి... ఆమె వంతు వచ్చిన రోజున ఆ చీర నేనే మార్పించాను.

మొన్న ఆదివారం వర్క్‌షాప్ రద్దు చేసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. నా చేతిలో కెమెరా చూడగానే చాట పక్కన పెట్టి, "జర ఆగు బిడ్డా" అంటూ లోపలికి పోయింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

వచ్చింది. ఒంటి మీద ఉన్న శుభ్రమైన చీర మార్చేసి, ఆ రంగు వెలిసిన చీరే కట్టుకుంది. దువ్వుకున్న తల కూడా చేత్తో కాస్త చెదరగొట్టుకుంది. "గిట్లుంటేనే మంచిగొస్తది గదా" అంటూ మగ్గం దగ్గర కూర్చుంది.

"గట్ల కాదు పెద్దమ్మా, పట్టుచీరె కట్టుకో... నీ కోసమే వచ్చిన ఇయ్యాల" అన్నాను.

"వద్దు బిడ్డా. గది ఫొటోల మంచిగుండదాయె. తెల్వక కట్టుకున్న ఆ రోజు... నీ పోరగాండ్ల ముంగట."

ఆమె గొంతులో కోపం లేదు. సిగ్గు ఉంది. అది నేను పెట్టిన సిగ్గే.

ఎంత బతిమాలినా వినలేదు. చాయ్ తాగి, ఫొటో తీయకుండానే వచ్చేశాను. మళ్లీ వెళ్తాను. ఈసారి కెమెరా లేకుండా వెళ్లి, ముందు క్షమించమని అడుగుతాను. ఒప్పుకుంటుందో లేదో తెలియదు.

అప్పట్లో ఫొటో అంటే ఉన్నంతలో గొప్పగా కనబడాలని ఎరువు చీర తెచ్చుకుని మరీ కట్టుకునేవాళ్లు... ఇప్పుడు కెమెరా పట్టుకున్న నాలాంటివాళ్లం, వాళ్లు ఎలా కనబడాలో కూడా మేమే చెప్పేస్తున్నాం.

మీ ఇంటి పాత ఫొటోల్లోనూ ఎవరిదో చీర, ఎవరిదో గొలుసు ఉండే ఉంటాయి. అవి ఎవరివో అమ్మనో అత్తనో అడిగి ఇక్కడ రాయండి... ఆ మనిషికంటూ ఒక్క ఫొటో అయినా ఉందో లేదో కూడా కనుక్కోండి.