ఏడో సవరణ పంపాను, నాలుగోది కట్టారు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, జూలై మొదటి వారంలో, చిత్తూరు గిరింపేటలో ఒక ఇంటికి డ్రాయింగులు గీసే పని ఒప్పుకున్నాను. సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఒక కంపెనీలో కొన్నాళ్లు చేసి, అది వదిలేసి తిరుపతి కొర్లగుంటలో గది అద్దెకు తీసుకుని ఒక్కడినే కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్లు. మొత్తం ఆరేళ్లు చేసి ఆ పని మానేశాను. ఇప్పుడు ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. ఆ ఆరేళ్లలో గీసిన ఇళ్లలో చాలావాటి కొలతలు మరిచిపోయాను. గిరింపేట ఇంటివి మాత్రం అంగుళాలతో సహా గుర్తున్నాయి.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక ఇంటికి రెండు రకాల కాగితాలుంటాయి. ఒకటి మున్సిపాలిటీ అనుమతికి పెట్టే ప్లాను. అది ఫైలులో భద్రంగా ఉంటుంది. రెండోది మేస్త్రీ చూసి కట్టే వర్కింగ్ డ్రాయింగు. ఏ గోడ ఎక్కడ, ఏ వాకిలి ఎంత అన్నది అందులో ఉంటుంది. అది సైటులో సిమెంటు చేతులతో నలుగుతూ ఉంటుంది. నా పని ఈ రెండోది. ప్రతి డ్రాయింగుకీ కింద కుడిమూల ఒక చిన్న పెట్టె గీసి సవరణ సంఖ్య వేస్తాం. మొదట ఇచ్చినది ఆర్-0. ఒకసారి మారిస్తే ఆర్-1. ఆ పెట్టెను చదివి ఏ కాగితం కొత్తదో తెలుసుకోవాలి. ఎవరు చదువుతారన్నది కంపెనీలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాకు పని త్వరగా చేస్తానని పేరుండేది. ఆ పేరు నేనే తెచ్చుకున్నాను. "గంటలోపు సవరణ" అని నా వాట్సాప్ స్టేటస్‌లోనే రాసుకున్నాను. పొద్దున లేవగానే ఆ రోజు పనులన్నీ వరసగా రాయడం, ఒక్కోదానికి టైమరు పెట్టడం, అయినవి కొట్టేయడం. ఒకేసారి ఐదు ఇళ్లు నడిపేవాడిని. ఎవరైనా మార్పు అడిగితే గంట తిరక్కుండా పీడీఎఫ్ వెళ్లిపోయేది. మనిషి ఇంతకన్నా ఎక్కువ పని చేయలేడని గట్టిగా నమ్మేవాడిని.

గిరింపేట ఇంటి యజమాని ఖాదర్ బాషా. బజారులో మంచాలు, బీరువాలు చేయించి అమ్మే అంగడి ఉంది. ఇల్లు కిందా పైనా. కింద ముందువైపు చిన్న అంగడి గది, దాని వెనక ఆయన అక్క షాకిరాకు పడకగది, బాత్రూం. పైన ఖాదర్ కుటుంబం. షాకిరాకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. ఆ ముందు అంగడి కూడా ఆమె కోసమే.

మార్పులు అడగడం ఆ ఇంట్లో అందరి హక్కు. మొదటి మార్పు ఖాదర్ బాషాది. మెట్లు బయటికి రావాలన్నాడు. రెండోది కొడుకు ఇమ్రాన్‌ది, రెండు బండ్లు పట్టే చోటు. మూడోది మేస్త్రీ మునస్వామిది. వంటిల్లు ఆగ్నేయంలో లేదని పట్టుబట్టాడు. భాయ్‌కి వాస్తు పట్టింపు లేదు గదా అని నేనంటే, "భాయ్‌కి లేకపోతే పోనీలే సారూ, రేపు ఏమన్నా అయితే కట్టినోడి పేరే గదా సెప్పేది" అన్నాడు. నాలుగోది షట్టరు వెడల్పు. ఆర్-4 అందరికీ నచ్చింది. పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, సంతకం పెట్టి, మేస్త్రీ చేతికిచ్చి, పునాది తవ్వే గుర్తులకు ముగ్గు పోయించాను.

పునాది పని జరుగుతుండగా మళ్లీ మొదలైంది. ఐదోది ఒక కిటికీ. ఆరోది వంటింటి గట్టు. మెసేజులు పొద్దున ఆరింటికి వస్తాయి, నేను అన్నం తినేటప్పుడు వస్తాయి. తెరిస్తే రెండు నిమిషాల వాయిస్, అందులో ఒకటిన్నర నిమిషం ట్రాఫిక్. ఏడోది ఖాదర్ బాషా చెప్పాడు. అక్క గదిలో బాత్రూం వాకిలి నడవాలోంచి ఉందట, కుర్చీ తిరగదంటోందట, పడకగదిలోంచి నేరుగా పెట్టి వెడల్పు చేయమన్నాడు. ముందే చెప్పి ఏడవచ్చు గదా అనుకుంటూ యాభై నిమిషాల్లో ఆర్-7 పంపించాను. జాబితాలో కొట్టేశాను.

ఆగస్టులో ఒక గురువారం పదకొండింటికి ఇమ్రాన్ ఫోను. "అన్నా, మా అత్త సైటుకొచ్చింది. మీరు ఒకసారి రావాల." ఏమైందంటే చెప్పడు. "మీరే వచ్చి సూడండన్నా" అంటాడు. మర్నాడు పొద్దున లింటెల్ ఉంది. లింటెల్ అంటే గోడలు ఏడడుగులు లేచాక వాకిళ్లు, కిటికీల మీదుగా ఇల్లంతా చుట్టి పోసే కాంక్రీటు పట్టీ. అది పడితే వాకిలి ఎక్కడుంటే అక్కడే ఇక. కూలీలకు, కాంక్రీటు కలిపే మిల్లరుకు చెప్పేశారు. నా ఐదు ఇళ్ల జాబితా పక్కన పడేసి మధ్యాహ్నం బస్సెక్కాను. చంద్రగిరి దాటేలోగా విషయం ఊహించాను. పూతలపట్టు వచ్చేలోగా సాక్ష్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆర్-7 ఏ రోజు, ఎన్ని గంటలకు పంపాను, ఎన్ని గంటలకు నీలం టిక్కులు పడ్డాయి, అన్నీ స్క్రీన్‌షాట్లు.

వెళ్లేసరికి షాకిరా నడవాలో ఉంది. నడవా మూడడుగులు. ఒక పక్క గోడకు బాత్రూం ద్వారబంధం నిలబెట్టేశారు. అచ్చం ఆర్-4లో ఉన్నట్టే. కుర్చీ వెడల్పు ఇరవై ఆరంగుళాలు. వాకిలి లోపలి కొలతా ఇరవై ఆరే. కాగితం మీద రెండూ సరిపోతాయి. చక్రాలు తిప్పే చేతులు కాగితం మీద ఉండవు. పైగా ఆ నడవాలో కుర్చీ అటు తిరగనే తిరగదు. ఆమె ప్రయత్నించినట్టుంది, కుడిచేతి మెటికల మీద తోలు లేచి ఉంది.

మేస్త్రీని అడిగాను. ఆయన సిమెంటు షెడ్డులోకి పోయి, మేకుకు వేలాడుతున్న డ్రాయింగు తెచ్చాడు. ఆర్-4. లామినేషన్ చేయించి ఉంది.

"ఇది నీ సంతకమేనా కాదా సారూ? వానకు తడస్తాదని నా సేతి దుడ్లు పెట్టి అట్ట ఏయించినా."

ఇరవై ఏళ్లుగా కడుతున్న మనిషి. నిర్లక్ష్యంగా ఉండుంటే ఆ కాగితం ఎప్పుడో చిరిగిపోయి కొత్తది అడిగేవాడు. జాగ్రత్తగా ఉండబట్టే తప్పు జరిగింది. ఆర్-7 సంగతి తెలీదా అన్నాను. నేను ఖాదర్ బాషాకు పంపాను. ఆయన ఇమ్రాన్‌కు చెప్పాడు. ఇమ్రాన్ ఇంటి పేరుతో పెట్టిన వాట్సాప్ గ్రూపులో వేశాడు. మునస్వామిది బటన్ల ఫోను. ఆయన ఆ గ్రూపులో లేడు. ఆయనకు తప్ప అందరికీ ఆర్-7 అందింది.

"పిల్లోడు ఒకపారి ఫోన్లో ఏందో సూపించినాడు" అన్నాడు మేస్త్రీ. "గోడ కట్టేది కాయితం సూసి గదా సారూ, ఫోను సూసి కాదు గదా."

మూలన నంబరు చూసుకోవద్దా అన్నాను. "ఆ నంబరు ఎవురు సూస్తారప్పా, కొలతలు సూస్తాం గానీ!"

నాకు ఒళ్లు మండింది. ఫోను తీసి అందరికీ టిక్కులు చూపించాను. తేదీ, సమయం చదివి వినిపించాను. షాకిరా అంతా విని, "తమ్ముడూ, ఆ టిక్కుల మీద కూసోని నేను లోపలికి పోలేను గదా" అంది. మేస్త్రీ నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఖాదర్ బాషాకు మాత్రం రేపటి లింటెల్ ఆగడం ఇష్టం లేదు. అక్కను మెల్లగా ఒప్పించబోయాడు. "ఆపా, ఎవురో ఒకరు తోడుంటారు గదా నీకు. ఇన్నాళ్లూ లేరా?"

"ఉండారు. నీ పెండ్లాం తినే అన్నం వదిలేసి లేస్తాది. ఆమెను లేపలేక నేను నీళ్లు తాగేది తగ్గించుకుంటాను. ఈ ఇంట్లో నేను షోకేసు అడిగినానా? ఏసీ అడిగినానా? ఒక వాకిలి అడిగినా."

ఖాదర్ బాషా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి మేస్త్రీయే, "మిల్లరును ఎల్లుండికి మార్సుకుందాం భాయ్. గోడ పడగొట్టేది అర్ధపూట పని" అన్నాడు.

నేను ఫోనులో ఆర్-7 తెరిచి కొలతలు చెప్పబోయాను. షాకిరా ఆగమంది. "ఈడ నేల మీద గీసి సూపించు" అంది. ఇటుక ముక్క తీసుకుని, చదును చేసిన నేల మీద వాకిలి, గోడలు, కమోడ్ అసలు కొలతలతో గీశాను. ఆమె కుర్చీ నడుపుకుంటూ ఆ గీతల్లోకి వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

ఆర్-7 కూడా తప్పే. తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టాను. అలా అయితే కుర్చీ లోపలికి పోయాక తలుపు వేయలేరు. ఇంకొకటి, ఆమె కుర్చీలోంచి కుడివైపుకే జరగగలదు. నేను కమోడ్ ఎడమవైపు పెట్టాను. ఎటు జరుగుతావని నేను అడగలేదు. అడగడానికి ఆమె నంబరే నా దగ్గర లేదు. ఏడు సవరణల్లో ఒక్కసారి కూడా ఆ గదిలో ఉండబోయే మనిషితో మాట్లాడలేదు.

ఆమె తన టేపు తీసింది. కుర్చీ హ్యాండిలుకు తగిలించిన సంచిలో టేపు, కత్తెర ఎప్పుడూ ఉంటాయట. తను కొలిచి చెబుతుంటే నేను గీతలు చెరిపి మళ్లీ గీశాను. తలుపు బయటికి. కమోడ్ అవతలి గోడకు. పైపులు ఇంకా వేయలేదని మేస్త్రీ చెప్పాడు. పట్టుకునే కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలో చెయ్యి చాపి చూపించింది. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. నేను ఆరు వారాలుగా గంటలోపు సవరణలు పంపుతూ చేయలేకపోయిన పని అది.

అక్కడే కాగితం మీద, కిటికీ, గట్టు మార్పులతో సహా కింది అంతస్తు మొత్తం చేత్తో గీసి, ఆర్-8 అని వేసి, మేస్త్రీకి ఇచ్చాను. షాకిరా ఆ లామినేషన్ కాగితం అడిగి తీసుకుంది. కత్తెరతో అడ్డంగా రెండు ముక్కలు చేసి మేస్త్రీ చేతిలో పెట్టింది. ఆయన మొహం చిన్నబోయింది, అట్ట ఏయించింది ఆయన గదా. "ఏమనుకోవద్దన్నా" అంది. "మా పనిలో కొత్త కొలత రాస్తే పాత చీటీ అప్పుడే కత్తిరిస్తాం. రెండూ ఉంటే చెయ్యి పాతదాని మీదికే పోతాది."

శుక్రవారం గోడ పడగొట్టి కట్టారు. శనివారం లింటెల్ పడింది. మరుసటి ఏడాది వేరే పని మీద చిత్తూరు వెళ్లి ఆ ఇంటికి పోయాను. షాకిరా ముందు అంగడిలో ఒకామెకు జాకెట్టు కొలతలు తీస్తోంది. మధ్యలో ఒక్క నిమిషం అని కుర్చీ వెనక్కి తిప్పుకుని లోపలికి పోయింది, కాసేపటికి వచ్చి చెయ్యి తుడుచుకుని మళ్లీ టేపు అందుకుంది. వాకిలి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ గురువారం తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. మార్పులు ఇంట్లో ఒక్కరి నోటి నుంచే తీసుకున్నాను. వచ్చినవాటిని కూడబెట్టి శనివారం ఒక్కసారే గీశాను. కొత్త కాగితం మేస్త్రీ చేతికి ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి తీసుకుంటే తప్ప ఇవ్వలేదు. గోడలు లేవకముందే, ఆ ఇంట్లో అందరికన్నా కష్టపడి నడిచే మనిషిని పిలిచి నేల మీద గీసి చూపించాను. "గంటలోపు సవరణ" అన్న మాట తీసేశాను. దాంతో కొందరు వేరేవాళ్ల దగ్గరికి పోయారు. సవరణలు తగ్గాయి. ఐదు ఇళ్లు మూడయ్యాయి. ఆ మూడూ ఒక్కసారే కట్టారు, పడగొట్టలేదు.

తొందరగా పంపడం వల్ల నేను ఎక్కువ పని చేయలేదు. ఎక్కువ కాగితాలు చేశాను. వాటిలో ఒకటి తప్ప అన్నీ తప్పు కాగితాలే, అవన్నీ ఎవరో ఒకరి దగ్గర బతికే ఉన్నాయి. డ్రాయింగు పంపినప్పుడు పని అయిపోదు. అంతకుముందుదాన్ని సైటు నుంచి తీసేసినప్పుడు అవుతుంది. ఇది మా విద్యార్థులకు మొదటి వారంలోనే చెబుతాను. పరీక్షలో రాదని తెలిసి చాలామంది రాసుకోరు.