డిశ్చార్జ్ సమ్మరీలో ఒక వాక్యం

ఆ రోజు పొద్దున మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆఫీసు క్యాబ్ ఎక్కాను. డ్రైవరు వెనక్కి తిరిగి, “మేడమ్, మీ చెప్పు కింద పడిపోయింది” అన్నాడు. చూస్తే ఎడమ కాలి చెప్పు నాలుగడుగుల అవతల రోడ్డు మీద ఉంది. అంటే అంత దూరం ఒట్టి కాలితో నడిచాను. కాలికి తెలియలేదు.

నా పేరు రమ. మాది కాకినాడ. పన్నెండేళ్లుగా గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నాను, ఒక టీమ్‌కి లీడ్‌ని. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. బీపీ, షుగర్ లేవు.

మధ్యాహ్నానికి రెండు కాళ్లూ బరువెక్కాయి. సాయంత్రానికి మూత్రం రావడం ఆగిపోయింది. మా ఆయన వచ్చి ఆఫీసు నుంచే హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. ఎం.ఆర్.ఐ తీశారు, వెన్నులోంచి నీరు తీసి టెస్టుకి పంపారు. న్యూరాలజిస్టు వచ్చి, “ట్రాన్స్‌వర్స్ మైలైటిస్. వెన్నుపాములో వాపు” అన్నారు.

“ఎందుకొచ్చింది సార్?”

“చాలాసార్లు కారణం దొరకదమ్మా. కొందరు పూర్తిగా లేస్తారు, కొందరు కొంతవరకే. మీరెంతవరకో ఇప్పుడే చెప్పలేను.”

ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. మార్పు లేదు. తర్వాత ప్లాస్మా ఎక్స్ఛేంజ్ చేశారు, అంటే రక్తంలోని ప్లాస్మా తీసేసి వేరేది ఎక్కించడం. పదహారో రోజు కుడికాలి బొటనవేలు కదిలింది. డాక్టరు మళ్లీ కదపమన్నారు. కదిలింది. ఆయన ఫైల్లో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లారు. మా ఆయన మాత్రం చాలాసేపు ఆ వేలి వంకే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత నాలుగు నెలలు ఫిజియోథెరపీ. కాళ్లు కొంత వచ్చాయి. బ్లాడర్ రాలేదు. రోజుకి ఐదుసార్లు సన్నటి కాథెటర్ గొట్టంతో మూత్రం నేనే తీసుకోవాలి. నేర్పిన సిస్టర్ రెండే మాటలు చెప్పింది: “నీళ్లు తగ్గించొద్దు. టైము తప్పొద్దు.”

ఎనిమిదో నెలలో చక్రాల కుర్చీలో ఆఫీసుకి వెళ్లాను. ర్యాంపు ఉంది, లిఫ్టు ఉంది. అందరూ వచ్చి పలకరించారు. పదకొండింటికి బాత్రూమ్‌కి వెళ్తే కుర్చీ తలుపులో ఇరుక్కుంది. తలుపు నాలుగు వేళ్లు ఇరుకు.

ఫెసిలిటీ మేనేజర్‌కి చెప్పాను. “చూస్తాం మేడమ్” అన్నాడు. వారం తర్వాత అడిగితే మళ్లీ అదే మాట. మూడోసారి అడగడానికి మొహమాటపడ్డాను. మగవాడితో బాత్రూమ్ సంగతి ఎన్నిసార్లు మాట్లాడతాం? దానికంటే నీళ్లు మానేయడం తేలికనిపించింది. ఉదయం కాఫీ తర్వాత ఇంటికొచ్చేదాకా ఏమీ తాగేదాన్ని కాదు, గొట్టం కూడా ఇంటికొచ్చాకే. మా ఆయనకి కూడా చెప్పలేదు.

రెండు నెలలు అలా నడిచింది. ఒకరోజు మీటింగులో చలి మొదలైంది. జ్వరం, నడుం పక్కన నొప్పి. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు. వారం రోజులు అడ్మిషన్. యూరాలజిస్టు ఆవిడ ఛార్టు చూస్తూ అడిగారు.

“రోజుకి ఎన్ని నీళ్లు తాగుతున్నారు?”

చెప్పాను.

“చదువుకున్నవారు. ఎందుకు మానేశారు?”

“ఆఫీసులో బాత్రూమ్‌లోకి కుర్చీ పట్టదు మేడమ్.”

ఆవిడ ఛార్టు మూసి పక్కన పెట్టారు. “ఇది మందులతో పోయే కారణం కాదు. కాగితం మీద రాస్తాను” అన్నారు. డిశ్చార్జ్ సమ్మరీలో, పనిచేసే చోట చక్రాల కుర్చీ పట్టే టాయిలెట్ లేకపోవడం వల్ల పేషెంటు నీళ్లు తగ్గించారని, అందువల్లే ఈ ఇన్ఫెక్షన్ వచ్చిందని ఒక వాక్యం చేర్చారు.

అది చదివి మా ఆయన నా మీద కోప్పడ్డారు. “నాకైనా చెప్పాలి కదా రమా!” అని ఇంకేదో అనబోయి బయటికి వెళ్లిపోయారు.

తిరిగి చేరిన రోజు హెచ్.ఆర్ అమ్మాయి పిలిచింది. “మీ మంచి కోసమే చెప్తున్నాం రమ గారూ. పర్మనెంట్‌గా ఇంటి నుంచే పని చేయండి. లీడ్ బాధ్యత మాత్రం వేరేవాళ్లకి ఇస్తాం, దానికి మనిషి ఇక్కడుండాలి.” ఆలోచించి చెప్తానన్నాను.

మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసే యాదమ్మ ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చింది. చందానగర్ నుంచి వస్తుంది. నా కుర్చీ తలుపులో ఇరుక్కున్న రోజు వెనక్కి లాగింది ఆమే.

“అమ్మా, నీకు పట్టే బాత్రూమ్ మూడో అంతస్తుల ఉంది. ఎవ్వరు చెప్పలే?”

“మూడో అంతస్తులోనా?”

“గదే. మేము మాపులు, ఫినాయిల్ డబ్బాలు పెట్టుకుంటం. నా దగ్గర తాళం ఉంది, వస్తవా?”

ఇద్దరం వెళ్లాం. తలుపు మీద స్టోర్ అని కాగితం అంటించారు. దాని అంచు కింద చక్రాల కుర్చీ బొమ్మ కనపడుతోంది. లోపల వెడల్పైన గది, గోడకి పట్టుకునే కడ్డీలు, కమోడ్ మీద చీపుళ్ల కట్ట.

“జర జల్దీ ఫోటో తీస్కో. నా పేరు మాత్రం రాయకు. ఇద్దరు ఆడపిల్లలు నాకు.”

ఇంట్లో మా ఆయన చట్టం తీసి చదివారు. ఆయన ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. “వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు కంపెనీకీ వర్తిస్తుంది రమా. సమాన అవకాశాల పాలసీ అని ఒకటి రాసి అందరికీ కనపడేలా పెట్టాలట. మీ కంపెనీది ఎక్కడుందో అడుగు. నోటితో వద్దు, మెయిల్లో అడుగు. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాద్దాం.”

మెయిల్ ఒక పేజీ రాశాను. డిశ్చార్జ్ సమ్మరీ, ఫోటో జత చేశాను. ఇంటి నుంచి పని నేను కోరలేదని, నా లీడ్ బాధ్యత నాకే ఉంచాలని రాశాను. పంపే ముందు గంటసేపు బటన్ నొక్కలేకపోయాను. ఉద్యోగం పోతే అన్న భయం. నొక్కాక మాత్రం నిద్ర పట్టింది.

మరుసటి రోజు ఫెసిలిటీ మేనేజర్ వచ్చాడు. “ఆ గది తాళం ఎవరు తీశారు మేడమ్?”

“తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంది. నా కోసమే అనుకుని తీయించుకున్నాను. ఎవరు తీశారన్నది కాదు, ఎవరు మూశారన్నది కనుక్కోండి.”

నా జీవితంలో ఒక మనిషితో అలా మాట్లాడడం అదే మొదటిసారి.

పది రోజుల్లో గది ఖాళీ అయింది. పాలసీ కూడా నోటీసు బోర్డు మీదికి వచ్చింది, తేదీ ఆ వారందే. లీడ్ బాధ్యత నా దగ్గరే ఉంది. హెచ్.ఆర్ అమ్మాయి ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. యాదమ్మ ఉద్యోగానికి ఏమీ కాలేదు.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇంట్లో కర్రలతో నడుస్తాను, ఆఫీసులో కుర్చీయే. ఎడమపాదం ఇంకా లేవదు, లేస్తుందని డాక్టరు అనడమూ మానేశారు. బ్లాడర్ అంతే. ఇన్ఫెక్షన్ మాత్రం మళ్లీ రాలేదు. మా అంతస్తు నుంచి మూడో అంతస్తుకి రోజుకి రెండుసార్లు లిఫ్టులో దిగుతాను. అక్కడ ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు, కాలికి కట్టుతో ఒకాయన, నెలలు నిండిన ఒకమ్మాయి కూడా వస్తుంటారు.

నాలాంటివారికి చెప్పేది ఒక్కటే. మీ జబ్బుకి ఒక తలుపో, మెట్లో, ఎత్తు మెట్ల బస్సో కారణమైతే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, సిగ్గుపడొద్దు. చెప్పి ఊరుకోకుండా, డిశ్చార్జ్ సమ్మరీలో ఆ మాట కూడా రాయమని అడగండి. మందుల పేర్లతో పాటు అది కూడా అక్కడ ఉండాలి.