జాఫర్ జాలీకి ఉన్ని చిక్కదు

ఆ సాయంత్రం జాఫర్ చేసింది రోజూ చేసే పనే. ట్రాక్టరు ట్రాలీ వెనకవైపు రెండు జాలీ తలుపులూ ఎక్కించాడు. తలుపు తిరిగే కబ్జాలకు వెల్డింగు అతుకు చుక్కగా మాత్రం పెట్టి ఆపాడు. చేతి తోలు తొడుగులు తీసి చంకలో ఇరికించుకుని, పక్క దుకాణం వైపు తిరిగి కేక వేశాడు.

"అన్నా, జర గిటు సూడు. సీదగున్నదా?"

రెండు దుకాణాల మధ్య ఒక్క రేకు అడ్డం. కురుమయ్య రేకు పక్కనుంచి తొంగిచూశాడు. సీదగా లేదు. ఎడమ తలుపు వేలు మందం కిందికి దిగి ఉంది. రెండు తలుపులూ మూస్తే నడుమ కొండి పట్టీపట్టనట్టు ఆనుతుంది. గతుకుల దారిలో అది నిలవదు.

"సీదగనే ఉన్నది," అన్నాడు కురుమయ్య.

జాఫర్ తలూపి, ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని అతుకు గట్టిచేశాడు. మరునాడు పొద్దున్నే హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుంటూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. తొంభై నాలుగు ఎండాకాలం అది.

జాఫర్‌ది భువనగిరి. తండ్రి పీర్ మహమ్మద్ యాదగిరిగుట్ట సత్రాలకు కిటికీ చువ్వలు చేసేవాడు. ఎనభై మూడులో జాఫర్ పెండ్లాం జాహేదానూ ఒక వెల్డింగు మిషనునూ బస్సు మీద వేసుకుని దేవరకొండలో దిగాడు. అప్పటికి ఊళ్ళో వెల్డింగు అంటే కురుమయ్య ఒక్కడే. ఈ పిల్లగాడు తనకేం అడ్డమని, పక్క జాగా ఇప్పించిందీ కరెంటు తీగ లాగనిచ్చిందీ కురుమయ్యే. ఆ మాట తర్వాత పదకొండేళ్ళు తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నప్పుడల్లా చేదుగానే ఉండేది.

ఎందుకంటే దేవరకొండ చుట్టుపక్కల గొర్లకాపర్లు ట్రాక్టర్ల వైపు మళ్ళింది ఆ ఏండ్లలోనే. మందను సంతకు నడిపించుకుపోయే కాలం పోయి, ట్రాలీలో ఎక్కించుకుపోయే కాలం వచ్చింది. ట్రాలీ పక్కలు రేకుతో మూస్తే గొర్లకు ఊపిరాడదు. అందుకని నిలువెత్తు జాలీ పక్కలు, వెనక జాలీ తలుపులు కావాలి. ఆ పని ఎవరు బాగా చేస్తారో తేల్చేందుకు గొర్లు కాసే కురుమ కులం పెద్దలు ఒక పరీక్ష పెట్టుకున్నారు. ట్రాలీ అప్పగించే రోజు భుజం మీది గొంగడి తీసి, లోపల జాలీ పొడవునా ఈ చివరినుంచి ఆ చివరికి రుద్దుతూ నడుస్తారు. ఒక్క పోగు చిక్కినా ట్రాలీ తీసుకోరు. గొంగడి చిక్కినచోట రేపు గొర్రె ఉన్ని చిక్కుతుంది, ఉన్ని వెనక తోలు గీరుకుంటుంది.

జాఫర్ జాలీకి గొంగడి ఎన్నడూ చిక్కలేదు. కోసిన తీగ కొసలన్నీ ఒక్కొక్కటే బయటికి వంచి, వాటి మీద ఇనుప పట్టీ వేసి మూసేవాడు. తర్వాత లోపలికెక్కి, చొక్కా చేతులు మడిచి, మోచేతి లోపలి మెత్తటి చోటును జాలీ అంతటా ఆనించి జరుపుకుంటూ పోయేవాడు. గుచ్చుకున్నచోట ఆగి ఆకురాయి పట్టేవాడు. కురుమయ్య ఒకరోజు తెల్లవారకముందే వచ్చి, జాఫర్ ట్రాలీ కొలతలన్నీ టేపు పెట్టి రాసుకున్నాడు. అచ్చం అదే ఎత్తు, అదే అల్లిక, అదే పట్టీతో తానూ ఒక ట్రాలీ చేశాడు. తన సొంత బావ, అంటే భార్య బిక్షమ్మ అన్న కిష్టయ్య, వచ్చి గొంగడి రుద్దితే మూడుచోట్ల చిక్కింది. చూసినవాళ్ళందరూ కురుమలే, అందరూ చుట్టాలే. ఎవరూ నవ్వలేదు. నవ్వినా అంత మండేది కాదు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని జాఫర్ గురించి తిట్టుకుంటుంటే బిక్షమ్మ చెంబు దగ్గరికి జరిపి, "నీ కడుపుల మంట మీద ఎసరు పెడితె మనకు కట్టెలన్న మిగులుతయ్," అంది.

జాఫర్ అదేమీ ఎరగనట్టే ఉండేవాడు. పండుగకు సేమ్యా పంపేవాడు. సుత్తె అరువడిగి తీసుకుపోయేవాడు. కానీ చివరి నాలుగేండ్లలో రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. ఆ రెండూ కురుమయ్యకు ముల్లులా గుచ్చుకున్నాయి. ఒకటి, బస్టాండు దగ్గర ఎదురుపడ్డా పలకరించేవాడు కాదు. కురుమయ్య తానుగా పిలిస్తేనే ఉలిక్కిపడినట్టు నవ్వేవాడు. పేరొచ్చింది, కండ్లు నెత్తికెక్కాయి అనుకున్నాడు కురుమయ్య. రెండోది, తలుపులు ఎక్కించిన ప్రతిసారీ ఆ కేక. గిరాకీల ముందర, నలుగురూ వినేటట్టు, సీదగున్నదా అని. తన పనితనం పోటీవాడి చేతనే ఒప్పించుకోవడానికేనని కురుమయ్యకు ఖాయం. అయినా చేతి విద్య మీద అబద్ధమాడలేక, వంకర ఉంటే ఉందని ముఖం మాడ్చుకుని చెప్పేవాడు. జాఫర్ మారు మాట్లాడకుండా చుక్క అతుకు కొట్టేసి మళ్ళీ ఎక్కించేవాడు.

ఆఖరి ట్రాలీ కిష్టయ్యది. కురుమయ్య దుకాణం ముందునుంచే దాన్ని జాఫర్ దగ్గరికి తోలుకుపోయాడు. పోతూ ఆగి, "కోపం చెయ్యకు బావా," అన్నాడు. "మనిద్దరం ఒక్కటే కులమని గొర్రెకు తెల్వదు."

అందుకే ఆ సాయంత్రం సీదగనే ఉన్నదన్నాడు.

జాఫర్ మట్టికి కురుమయ్య కూడా పోయాడు. అందరితో పాటు మూడు పిడికిళ్ళు మన్ను వేశాడు. పదిహేను రోజులకు కిష్టయ్య ట్రాలీ తోలుకొచ్చాడు. డిండి దారిలో కొండి ఊడి తలుపు తెరుచుకుందట. రెండు గొర్లు పడ్డాయి, ఒకదానికి కాలు విరిగింది.

"ఎన్నడు తప్పని చెయ్యి ఆఖరికి తప్పింది బావా," అన్నాడు కిష్టయ్య.

ఆ మాట కోసం కురుమయ్య పదకొండేండ్లు కనిపెట్టుకుని ఉన్నాడు. కబ్జా కోసి, తలుపు వేలు మందం పైకెత్తి, అందరూ చూస్తుండగా అతికాడు. ఆ పూట రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

నలభయ్యో దినం దాటాక జాహేదా దుకాణం ఖాళీ చేస్తూ, అరువు తెచ్చిన సుత్తె తిరిగివ్వడానికి వచ్చింది. ఓదార్చే మాటల నడుమ కురుమయ్య ఉండబట్టలేకపోయాడు. పాపం, ఆఖరి పని జర వంకర పోయింది చెల్లె, కిష్టయ్య తలుపు నేనే సరిచేసిన, అన్నాడు.

జాహేదా అర్థం కానట్టు చూసింది.

"గట్లెట్లయితదన్నా? నువ్వు సూసినవు గద."

కురుమయ్య సుత్తె అందుకోలేదు. ఆమె దాన్ని దిమ్మె మీద పెట్టి, కొంగు సర్దుకుని, ఇంక దాచి లాభం లేదన్నట్టు మెల్లగా చెప్పింది. నాలుగేండ్ల సంది ఆయనకు చెయ్యి చాచినంత దూరమే కనపడేది. దవాఖానలో అద్దాలు కూడా పని చెయ్యవన్నారు. బయటికి తెలిస్తే గిరాకీ రాదని ఎవరికీ చెప్పనివ్వలేదు.

"దగ్గెరది చెయ్యి చెప్తది, దూరంది కురుమన్న చెప్తడు అనెటోడు," అంది. "నువ్వు సీదగున్నది అన్నంకనే అతుకు గట్టిచేసెటోడు."