పార్వతి గట్టు, బెవర్లీ వంటిల్లు

పార్వతికి స్థిమితం తక్కువ. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది. అలాంటి మనిషి పోయి పోయి ఆక్లండ్‌కి పడమటి కొండల్లో, నిలువు వాలు మీద ఇల్లు కొంది. మాలాగా మౌంట్ రాస్కిల్‌లో, కందిపప్పు దొరికే చోట కొనుక్కోవే అంటే వింటేగా! వాళ్లాయన శ్రీనివాసమూర్తికి సముద్రం కనపడాలి. ఆ సముద్రం కోసమే పాత ఓనరు వెనక గట్టు మీద చెట్లన్నీ కొట్టేయించాడు.

2004లో, మొదటి చలికాలం వానలకే గట్టు అంచున నెర్రె విచ్చింది. ఇక చూడండి. చినుకు పడితే చాలు, గొడుగేసుకుని వెళ్లి నెర్రె చూసొచ్చేది. ఆఫీసు నుంచి నాకు ఫోన్లు. "ఇల్లు జారిపోతుందేమోనే!"

ఆ గట్టు కింద బెవర్లీ ఇల్లు. డెబ్భై దాటిన కివీ ఆవిడ. కొండవాలు జారకుండా ఆ వీధివాళ్లంతా కలిసి మొక్కలు నాటుతుంటారు. మరుసటి ఏడు మే నెలలో ఆవిడ కంచె దగ్గర నిలబడి చెప్పింది.

"శనివారం వర్కింగ్ బీ ఉంది. మనూకా నాటుతున్నాం. మీ గట్టు కూడా చేస్తాం, గేటు తీసి ఉంచు."

పార్వతి చెవికెక్కినవి రెండే మాటలు: మనూకా, బీ. మనూకా అంటే ఈ దేశంలో తేనె సీసా మీద ఉండే పేరు. బీ అంటే తేనెటీగ. చిన్నప్పుడు తేనెటీగ కుట్టి, మొహం బూరెలా పొంగి ఆస్పత్రి పాలైన మనిషాయె! శనివారం పొద్దున్నే కిటికీలు బిగించి, గేటుకి తాళమేసి, మొగుణ్ణి లాక్కుని మా ఇంటికొచ్చేసింది. "కొండ మీద తేనెటీగల్ని వదుల్తున్నారటే" అంటే నేనూ నమ్మాను. మాకేం తెలుసు?

సాయంత్రం వెళ్లి చూస్తే వీధిలో అందరి గట్ల మీదా మొక్కలు, వాన నీళ్లు పక్కకి పోయేలా కాలువలు. అవన్నీ సరిగ్గా వీళ్ల కంచె దగ్గర ఆగిపోయాయి. "ఇండియన్లమనే వదిలేశారు" అని ఫోన్లో ఏడ్చింది. ఆ రోజు నుంచి బెవర్లీతో మాటల్లేవు.

జులైలో వారం పాటు కుండపోత. ఒక పొద్దున గట్టు జారింది. పార్వతి ఇంటికేం కాలేదు. మట్టంతా కిందికి, బెవర్లీ వంటింట్లోకి వెళ్లింది.

పార్వతి చెప్పులైనా లేకుండా పరిగెత్తింది. బెవర్లీ మోకాలి లోతు బురదలో నిలబడి, "మీ ఇల్లు బాగానే ఉందా?" అని అడిగింది.

ఆ మాటకి పార్వతి ఉండబట్టలేక అడిగేసింది. "మా గట్టొక్కటే ఎందుకు వదిలేశారు?"

"మీ గేటుకి తాళం ఉంది. పిలిచినా పలకలేదు. మీకిష్టం లేదనుకున్నాం."

"తేనెటీగలనీ..."

బెవర్లీకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "తేనెటీగలు కాదు పార్వతీ, మనుషులం. నలుగురం చేరి చేసుకునే పనిని వర్కింగ్ బీ అంటాం. మనూకా అంటే మేం నాటే పొద." నవ్వబోయి, పార్వతి మొహం చూసి మానుకుంది. "మొక్కలు పెట్టినా ఈ ఏడు ఆపేవి కావులే."

"కాలువ తీసుంటే ఆగేదేమో" అంది పార్వతి.

ఆగస్టులో వర్కింగ్ బీ పార్వతే పెట్టింది. మౌంట్ రాస్కిల్ నుంచి మేమంతా గంబూట్లేసుకుని వెళ్లాం. నా నడుం పడిపోయింది, అది వేరే సంగతి. మధ్యలో శ్రీనివాసమూర్తి నా దగ్గరకొచ్చి గొణిగాడు.

"ఊరికి ఉత్తరాన ఆల్బనీలో చదును నేల మీద ఇల్లు చూశాను వదినా. ఈ ఇల్లు కొనేవాడూ దొరికాడు. పార్వతికి మీరైనా చెప్పండి."

పార్వతి వినేసింది. "మొక్కలు వేళ్లు పట్టాక చూద్దాం."

"ఐదారేళ్లు పడుతుందట!"

"పట్టనీండి. కొనేవాడు కలుపు తీస్తాడా? కాలువ పూడితే తోడతాడా? సముద్రం కనపడ్డం లేదని మళ్లీ నరికేస్తే?"

కిందికి చూసింది. బెవర్లీ వంటింటి కిటికీకి అద్దం ఇంకా పెట్టలేదు, చెక్క కొట్టి ఉంది.

"మన మట్టండీ ఆవిడ ఇంట్లో పడింది. ఇల్లంటే అమ్ముతాం. ఆ బాకీ ఎవరికి అమ్ముతాం?"