చెయ్యెత్తని రౌతు

అది 2023, వానలు మొదలైన రోజులు. యానాంలో గోదావరి గట్టుకి దగ్గరగా నా ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. రెండు గదులూ ఒక వరండా. మోకాళ్ళు అరిగిన ఆడవాళ్ళు, వలలు లాగి లాగి భుజాలు పట్టేసిన మత్స్యకారులు, మోటారు సైకిల్ మీంచి జారిపడ్డవాళ్ళు, వీళ్ళే నా పేషెంట్లు. ఆ రోజు కనకాలపేట నుంచి ఆటోలో ఒక పెద్దాయన దిగారు. వాకర్ పట్టుకుని నడుస్తున్నా వీపు మాత్రం గోడకి ఆనించినట్టు నిటారుగా ఉంది. పేరు విక్టర్. వెంట వాళ్ళక్క రోజమ్మ గారు.

"ఎలా పడ్డారండీ?" అని అడిగాను.

"గుర్రం మీంచండి."

రిపోర్టులోంచి తలెత్తి చూశాను. మా వైపు గుర్రమంటే కాకినాడ బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేదే. అరవై దాటిన మనిషి దానిమీద ఎక్కడమేమిటని నాకు ఒళ్ళు మండింది. "ఈ వయసులో బీచిలో గుర్రమెక్కడం అవసరమా మీకు?" అని కసిరాను. నా నోరు అలాంటిది, ఊళ్ళో అందరికీ తెలుసు.

రోజమ్మ గారు నవ్వాపుకోలేకపోయారు. "వాడి ఉద్యోగమే అదమ్మా," అన్నారు.

షో జంపింగ్ అనే ఆట ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. మైదానంలో రంగు కర్రలు అడ్డంగా పేర్చి దడుల్లా కడతారు. గుర్రాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్నిటి మీంచీ దూకించాలి. కర్ర పడితే మార్కులు పోతాయి. ఒక్క కర్రా పడకపోతే దాన్ని క్లియర్ రౌండ్ అంటారు. విక్టర్ గారు కుర్రవయసులో మిలిటరీలో చేరారు, అక్కడ గుర్రాల దగ్గర వేశారు. అప్పటిదాకా పడవ తప్ప ఏదీ ఎక్కని మనిషట. రిటైరయ్యాక బెంగుళూరులో ఒక రైడింగ్ క్లబ్బులో నేర్పిస్తూ, పోటీల్లో తానూ దిగుతూ వచ్చారు. నలభై ఏళ్ళ పైమాటే. ప్రాక్టీసులో గుర్రం కాలు జారి ఈయన మీద పడింది. పెల్విస్, అంటే నడుం కింద రెండు తొడలూ వచ్చి కలిసే ఎముకల గిన్నె, విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కోలుకోవడానికి అక్క దగ్గరికి వచ్చారు.

సర్జన్ చెప్పిన మాట రోజమ్మ గారే నాకు చెప్పారు. ఈసారి నడుస్తాడు, మళ్ళీ పడితే మాత్రం నడకమీద ఆశ పెట్టుకోవద్దన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ చెంగు కొసని వేలికి చుట్టుకుంటూనే ఉన్నారు.

నా దగ్గర ఒక పద్ధతి ఉంది. పట్టేసిన కీలుని స్ట్రెచ్ చేసేటప్పుడు, అంటే మెల్లగా సాగదీసేటప్పుడు, నొప్పి భరించలేకపోతే నోటితో చెప్పక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు. అక్కడితో ఆపేస్తాను. మగవాళ్ళు నొప్పని చెప్పడానికి సిగ్గుపడతారని ఈ పద్ధతి పెట్టుకున్నాను. బస్తాలు మోసేవాళ్ళు కూడా రెండో నిమిషానికి చెయ్యెత్తేస్తారు. విక్టర్ గారు ఎత్తలేదు. మొదటి రోజూ లేదు, నెల తిరిగినా లేదు. నుదుటిమీద చెమట దిగిపోతున్నా ఎదురుగా కిటికీలోంచి దూరంగా చూస్తూ ఉండిపోయేవారు.

"అలా ఎక్కడికి చూస్తారండీ?" అని అడిగానొకసారి.

"దడి వంక చూస్తే గుర్రం దడి దగ్గరే ఆగిపోద్దండి. దాని అవతలకి చూడాలి. అలవాటైపోయింది."

నాకు ఆయనంటే గౌరవం అలా మొదలైంది. దాచుకోవడం దేనికి, అబ్బురంగానే ఉండేది. వాకర్ వదిలి కర్రకి మారిన రోజున నా వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి అడుగులేసి, ఇక్కడో దడి కడితే గుర్రం ఎక్కడ కాలు ఎత్తాలో చూపించారు. పోటీకి ముందు రౌతులందరూ ఇలాగే మైదానమంతా కాలినడకన తిరిగి చూసుకుంటారట. ఆ మాట చెబుతుంటే ఆయనకి కర్ర చేతిలో ఉందన్న సంగతే గుర్తున్నట్టు లేదు. ఎన్నిసార్లు పడ్డారని అడిగితే, "ఎక్కినన్ని సార్లు కాదులెండి," అన్నారు.

కానీ అంతకంతకీ నాకు భయం కూడా పెరిగింది. నొప్పి చెప్పని పేషెంటుకి ఎక్కడ ఆపాలో నాకెలా తెలుస్తుంది?

ఒక రోజు ఆయన రాలేదు. ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం నేనే కనకాలపేట వెళ్ళాను. పెరట్లోకి అడుగుపెట్టి అక్కడే ఆగిపోయాను. రెండు కొబ్బరిచెట్ల మధ్య, రొయ్యల చెరువుల దగ్గర వాడే నీలం ప్లాస్టిక్ డ్రమ్ముని అడ్డంగా నైలాన్ తాళ్ళతో వేలాడదీశారు. దానిమీద గోనెపట్టా పరిచి, విక్టర్ గారు గుర్రం మీద కూర్చున్నట్టే కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చున్నారు. రోజమ్మ గారు ఒక తాడు పట్టుకుని డ్రమ్ముని ఊపుతున్నారు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం ఊపుతూనే ఉన్నాయి.

"మీరైనా చెప్పొద్దా అమ్మా?" అని అరిచాను.

"చెప్పకేం. నేను ఊపకపోతే ఇంకెవరిచేతైనా ఊపించుకుంటానన్నాడు. వాళ్ళు గట్టిగా లాగేత్తారు. నేనైతే నెమ్మదిగా లాగుతానని ఒప్పుకున్నాను."

ఆయన్ని దింపి అరుగుమీద కూర్చోబెట్టి నానా మాటలూ అన్నాను. అన్నీ విని, అప్పుడు అసలు సంగతి చెప్పారు. బెంగుళూరు క్లబ్బులో కూనగా ఉన్నప్పటి నుంచీ ఆయనే పెంచి నేర్పిన ఆడగుర్రం ఉంది. పేరు గౌతమి. మన గోదావరి పాయ పేరే పెట్టుకున్నారు. దానికీ వయసైపోయింది. చలికాలంలో జరిగే పోటీ తర్వాత ఇక దాన్ని దూకించరు. ఆ ఆఖరి రౌండు దానిమీద తానే వెళ్ళాలి.

"వేరేవాళ్ళు వెళ్తే ఏం?" అన్నాను.

"దాని నోరు సున్నితవండి. కొత్తవాళ్ళు కళ్ళెం గుంజుతారు. ఆఖర్రోజున దాన్ని బాధపెట్టకూడదు."

గుమ్మందాకా సాగనంపుతూ రోజమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "డాక్టరమ్మా, నీకు పుణ్యముంటది. ఎముక సరిగ్గా అతకలేదని చెప్పు. నీ మాటంటే వాడికి గురి. నమ్మేత్తాడు."

నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినరు. ఆ మాట ఎలా ఉన్నా, ఆవిడ అడిగింది మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. ఒక్క అబద్ధంతో ఆ మనిషి కాళ్ళు నిలబడతాయి. చెప్పకపోతే, ఏదైనా జరిగితే, ఆవిడ ముఖం నేనెలా చూడను? చెబితే ఆయన ముఖం ఎలా చూడను? పేషెంట్లమీద ఊరికే విసుక్కునేదాన్ని.

బెంగుళూరు వెళ్ళే ముందు ఆయన ఆఖరి పరీక్షకి వచ్చారు. ఒంటికాలిమీద నిలబెట్టాను, బాలెన్స్ బోర్డు ఎక్కించాను. అది కింద గుండ్రంగా ఉండి అటూ ఇటూ ఒరిగిపోయే చెక్క. అడక్టర్స్, అంటే గుర్రాన్ని పట్టుకుని కూర్చోవడానికి పనికొచ్చే తొడ లోపలి కండరాలు, నా రెండు చేతులతో తొయ్యబోతే కదల్లేదు. కొంచెం కుంటు మిగిలింది, అంతే. సర్జన్ తీయించిన కొత్త ఎక్స్‌రే కూడా బాగుంది. రోజమ్మ గారు కుర్చీలోంచి నా వంకే చూస్తున్నారు.

"ఎముక అతుక్కుంది. బలం వచ్చింది," అన్నాను. "పడితే ఏమవుతుందో సర్జన్ గారు చెప్పారు. నేనూ అదే చెబుతున్నాను. నాకు మీ కాళ్ళంటే భయం లేదండీ, మీ మొండితనమంటే భయం. ఇన్నాళ్ళలో ఒక్కసారీ చెయ్యెత్తలేదు మీరు. అక్కడ ఎత్తుతారని నేనెలా నమ్మను?"

"ఆ నొప్పి నాదే కదండి," అన్నారాయన. "నాదైతే ఓర్చుకోగలను."

అది నా ప్రశ్నకి జవాబు కాదనిపించింది. రోజమ్మ గారు నాతో మాట్లాడకుండా ఆటో ఎక్కేశారు.

పోటీ ఆదివారం. క్లినిక్ తలుపు తీసి ఊరికే కూర్చున్నాను. క్లబ్బులో ఆయన శిష్యురాలు వీడియో కాల్ చేస్తానంది. పూజ అవుతూనే చర్చి నుంచి రోజమ్మ గారు నేరుగా నా దగ్గరికి వచ్చేశారు. "ఇంట్లో ఒక్కదాన్నే చూళ్ళేను," అన్నారు, నా మీద కోపం అలాగే ఉంచుకుని. చేతిలో జపమాల ఉంది. ఇద్దరం ఒకే ఫోనుమీదకి వంగాం.

బొమ్మ చిన్నది, మధ్యమధ్యలో ఆగిపోయేది. ఎర్రగుర్రం, దానిమీద ఆ నిటారు వీపు. మొదటి దడి దాటింది. రెండోది, మూడోది. దూకే ముందు ప్రతిసారీ రోజమ్మ గారి గోళ్ళు నా మణికట్టులో దిగబడేవి. ఒక్క కర్రా పడలేదు. వెంటవెంటనే దూకాల్సిన జోడు దడులొచ్చాయి, అవీ దాటేశారు. ఆఖరిది ఒక్కటే మిగిలింది. అక్కడ జనం చప్పట్లు మొదలుపెట్టేశారు.

ఆ దడివైపు తిరిగిన గుర్రం ఉన్నట్టుండి నెమ్మదించింది. ఆగింది. విక్టర్ గారు కుడిచెయ్యి పైకెత్తారు.

ఆరు నెలల్లో ఒక్కసారీ ఎత్తని చెయ్యి. "ప్లేటు కదిలింది," అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను, రోజమ్మ గారు నా మణికట్టు వదిలేసి జపమాల తిప్పడం మొదలుపెట్టారు. ఫోన్లో ఎవరివో కాళ్ళు, గడ్డి, ఆకాశం కనబడి కాల్ తెగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తరు. ఆవిడ జపం చేస్తున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఇవ్వడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

కొంతసేపటికి ఆయనే చేశారు. వెనక గుర్రం సకిలింపు వినబడుతోంది.

"ఏమైందిరా నీకు?" అన్నారు రోజమ్మ గారు.

"నాకేంటక్కా, రాయిలా ఉన్నాను. గౌతమికి ముందుకాలు నొప్పెట్టింది. జోడు దడి దిగినప్పుడు తేడాగా అడుగేసింది. చెయ్యెత్తితే రౌండు వదిలేసినట్టు లెక్క. వదిలేశాను."

నేను ఫోన్ లాక్కున్నాను. "ఒక్కటే మిగిలింది కదండీ. దూకేసేదేమో."

"దూకేసేదేనండి. అది కూడా చెప్పదు. ఓర్చేసుకుంటది. ఇన్నేళ్ళలో ఇలా చాలాసార్లు వదిలేశానండి. నా దగ్గర కప్పులు తక్కువే. నా చేతికింద కుంటిదైన గుర్రం మాత్రం ఒక్కటీ లేదు."

తర్వాత శిష్యురాలు ఒక ఫోటో పంపింది. ఆయన దిగిపోయి గుర్రాన్ని పక్కన నడిపించుకుంటూ బయటికి వస్తున్నారు. నలభై ఏళ్ళు ఆయన్ని నిలబెట్టింది ధైర్యమనే నేను అనుకున్నాను. గెలుపు ఎదురుగా కనబడుతుండగా చెయ్యెత్తగలగడమని ఆ ఫోటో చూస్తే అర్థమైంది. అంతకుముందు నొప్పి ఓర్చుకునే పేషెంట్లని మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు వాళ్ళనే ఎక్కువ కనిపెట్టుకుని ఉంటాను.

గౌతమి కాలు మామూలైందన్న కబురుతో విక్టర్ గారు మళ్ళీ వచ్చారు. కుంటు తగ్గడానికి ఇంకా పని మిగిలే ఉంది. బల్లమీద పడుకోబెట్టి, అలవాటుగా చెప్పాల్సింది చెప్పి, కాలు సాగదీయడం మొదలుపెట్టాను. ఆయన కిటికీలోంచి దూరంగా చూస్తున్నారు. సగంలో మెల్లగా చెయ్యెత్తారు.

నేను ఆపేశాను. కుర్చీలోంచి రోజమ్మ గారు, "చూశావా డాక్టరమ్మా," అన్నారు. "నువ్వు చెప్తే వినలేదు, నేను చెప్తే వినలేదు. గుర్రం దగ్గర నేర్చుకుని వచ్చాడు."